చావడి అరుగు మీద వేసిన ముద్ర

కిందటివారం ప్రేమయ్యను కర్నూలు సిపాయిల బోర్డు ఆఫీసు వరండాలో, బొటనవేలికి అంటిన సిరాను పంచె కొంగుకు తుడుచుకుంటూ ఉండగా వదిలేశాం. మర్చిపోయినవాళ్ల కోసం, ఈ వారమే పత్రిక చేతికి తీసుకున్నవాళ్ల కోసం నాలుగు మాటలు. ప్రేమయ్యది కోడుమూరుకు నాలుగు మైళ్ల దూరంలో ఒక మెట్ట ఊరు. నలభై ఒకటిలో పటాలంలో చేరాడు. బర్మా అడవుల్లో కొండలు పేల్చి రోడ్లు వేశాడు. నలభై ఆరులో ఒక వేలు అక్కడే వదిలి ఇంటికొచ్చాడు. యుద్ధానికి పోయొచ్చిన ప్రతివాడికీ సర్కారు ఇచ్చే మూడు పతకాల బిళ్లలు మాత్రం ఆయనకు రాలేదు. అడగ్గా అడగ్గా తొమ్మిదేళ్లకు జవాబొచ్చింది. చేరినప్పటి వేలిముద్ర వేరు, విడుదలైనప్పటి వేలిముద్ర వేరు. కాబట్టి చేరినవాడు ఒకడు, తిరిగొచ్చినవాడు ఇంకొకడు. రికార్డు దిద్దడం కుదరదు సరికదా, ఒకరి పేరుతో ఇంకొకరు కొలువు చేసినందుకు పోలీసు కేసు ఎందుకు పెట్టకూడదో వచ్చి చెప్పుకోమన్నారు. బిళ్లలు అడగబోయిన మనిషి మెడకు నేరం చుట్టుకుంది.

ఆ కాగితం సంగతి తెలిశాక ఊళ్లో ఆయనకు కొత్త పేరు పడింది. ‘మారు సిపాయి’. ఎదురుగా అన్నవాళ్లు తక్కువే. కానీ బావి దగ్గర జ్ఞానమణి బిందె దించగానే మాటలు ఆగిపోయేవి. ఆమె ప్రేమయ్య భార్య. మొగుడు మెత్తన, తాను గట్టి. బోర్డువాళ్లు పిలిచిన రోజు ఆమే ముందు బస్సెక్కింది. వెంట ఊరి చర్చి ఉపదేశి శాంతయ్య వచ్చాడు. వయసు రుజువు తెమ్మన్నారని చర్చి పుస్తకాన్ని తువ్వాల్లో చుట్టి, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని తెచ్చాడు. ఎవరూ రమ్మనకపోయినా గురమ్మ కూడా వచ్చింది.

గురమ్మ సంగతి చెప్పకపోతే ఈ వారం కథ నడవదు. ఆమె మొగుడు బొజ్జన్నా, ప్రేమయ్యా ఒకే రోజు పటాలంలో చేరారు. బర్మాలో ఒక ఏటి ఒడ్డున విషజ్వరంతో బొజ్జన్న పోతే, ప్రేమయ్యే తన చేతులతో మన్ను కప్పాడు. ఊరికొచ్చి ఆ మాట గురమ్మకు చెప్పాడు. ఆమె మూడు రోజులు ఏడ్చింది. ఇక పదోరోజు పెట్టుకోవాలని చుట్టాలు మాట్లాడుకుంటూ ఉండగా ఆమెకూ సర్కారు కాగితం వచ్చింది. బొజ్జన్న పేరుతో చేరిన మనిషీ, బొజ్జన్న పేరుతో చనిపోయిన మనిషీ ఒకరేనని తమకు రుజువు కాలేదనీ, అందుచేత ఆమె భర్త మరణాన్ని ధ్రువపరచలేమనీ అందులో ఉంది. ఇంకొకరైతే ఆ కాగితాన్ని తిట్టి పొయ్యిలో పడేసేవారు. గురమ్మ దాన్ని పసుపు డబ్బాలో దాచుకుంది. ప్రేమయ్య పూడ్చింది ఎవర్నో, తన మొగుడు ఎక్కడో ఉన్నాడు, అంతే. ఎర్రగాజులు తీయలేదు, తాళి తీయలేదు. ప్రేమయ్యను అన్నా అని పిలవడం మానలేదు గానీ, ఆ ఒక్క సంగతి ఎత్తితే లేచిపోయేది. ఉగాదికి ఇంటికి సున్నం కూడా తానొక్కతే కొట్టుకునేది, కూలిమనిషిని గుమ్మం దాటనిచ్చేది కాదు. ఊరు ఆమెను మొండిమనిషి అంది. నేనూ మొదట అలాగే అనుకున్నాను.

సరే, ఆ రోజుకు వద్దాం.

ఆంధ్ర రాష్ట్ర రాజధాని వచ్చిన దగ్గర్నుంచి కర్నూల్లో ఖాళీ గది అంటూ మిగల్లేదు. పెద్ద పెద్ద ఆఫీసులే గుడారాల్లో ఉంటే సిపాయిల బోర్డును అడిగేదెవరు. ఒక పాత మిద్దెలో రెండు గదులు ఇచ్చారు. పదకొండు గంటలకు బంట్రోతు పిలిస్తే ప్రేమయ్య, జ్ఞానమణి, శాంతయ్య లోపలికి పోయారు. గురమ్మ రొట్టెల మూట దగ్గర పెట్టుకుని వరండాలోనే గుమ్మం పక్కన కూచుంది.

లోపల బల్ల వెనక బోర్డు సెక్రటరీ, రిటైర్డు కెప్టెన్ నారాయణ. ఆయన పక్కన వేలిముద్రల శాఖ నుంచి వచ్చిన దేవేంద్రప్ప. ఈ దేవేంద్రప్ప చెడ్డవాడని అనుకోకండి. ఇరవై ఏళ్లుగా వేళ్లు చూసి చూసి ముఖాలు చూడటం మర్చిపోయిన పెద్దమనిషి, అంతే. ఆయన ముందు భూతద్దం, దారాలతో కట్టిన కాగితాల కట్ట ఉన్నాయి. శాంతయ్య తెచ్చిన చర్చి పుస్తకాన్ని పొద్దున్నే తీసుకుని, వయసు సంగతి తర్వాత చూద్దామని బల్ల చివర పడేశారు. దేవేంద్రప్ప మోచెయ్యి హాయిగా దాని మీద ఆనుకుని ఉంది. శాంతయ్య ఆ మోచేతి వంకే బాధగా చూస్తున్నాడు.

దేవేంద్రప్ప తన పరీక్ష ఫలితం చదివాడు. పొద్దున ప్రేమయ్య వేసిన ఎడమ బొటనవేలి ముద్ర, నలభై ఆరులో విడుదల కాగితం మీద ఉన్న ముద్ర, రెండూ ఒకటే. నలభై ఒకటిలో చేరిన కాగితం మీది ముద్ర మాత్రం వేరే. సందేహం ఏమీ లేదు. మూడుసార్లు చూశాడు.

“మనిషి అబద్ధం చెప్తాడు సార్. వేలు చెప్పదు,” అన్నాడు. ఆ మాట ఆయన ప్రతి కేసులోనూ అనేదే.

కెప్టెన్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. ఆయనా బర్మా పోయొచ్చినవాడే. పొద్దున ప్రేమయ్య మోకాళ్ల మీది పాత జలగల మచ్చలు చూసి, లోపల్లోపల ఈ మనిషి నిజమైతే బాగుండునని కోరుకున్నాడు. ఇప్పుడు ఆ కోరికే కోపంగా మారింది. నీ పేరుతో చేరిన మనిషెవరు, అతన్ని ఏం చేశావు, ఇప్పుడైనా నిజం చెబితే నాలుగు మంచిమాటలు రాస్తానన్నాడు.

ప్రేమయ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కుడి చేతికి ఎప్పటిలాగే తువ్వాలు చుట్టుకుని ఉన్నాడు.

“నేనే సేరినా దొరా. నేనే పోయినా. నేనే తిరిగొచ్చినా. మద్దెలో ఇంకోడు లేడు,” అన్నాడు.

రుజువేమిటంటే ఏం చెబుతాడు పాపం. కోడుమూరు చావడిలో గోడకు నిలబెట్టి ఎత్తు కొలిచిన సంగతి చెప్పాడు. హవల్దారు మీసాల సంగతి చెప్పాడు. అవన్నీ ఎవడైనా విని చెప్పొచ్చని దేవేంద్రప్ప అడ్డం వచ్చాడు. అదీ నిజమే. కెప్టెన్ చాలాసేపు కిటికీలోంచి బయటికి చూసి, చివరికి పోలీసులకు పంపే కాగితం తీశాడు. పంపేముందు భార్య చెప్పేది కూడా రాసుకోవాలని నియమం. నలభైలో నన్ను పెళ్లాడినవాడూ, నలభై ఆరులో నా గడపలోకి తిరిగొచ్చినవాడూ ఈయనేనని జ్ఞానమణి చెప్పింది. కెప్టెన్ రాసుకున్నాడు. కింద ముద్ర వేయించమన్నాడు.

దేవేంద్రప్ప సిరా పలక ముందుకు జరిపి, ఆమె ఎడమ చెయ్యి పట్టుకోబోయాడు. జ్ఞానమణి ఆ చేతిని చటుక్కున వెనక్కి లాక్కుని, కుడి చెయ్యి ముందుకు చాపింది. ఎడమది కావాలని ఆయన అన్నాడు. ఆమె కుడిదే చాపింది. ఇద్దరి మధ్యా సిరా పలక అటూ ఇటూ రెండుసార్లు జరిగింది. బంట్రోతు నవ్వు ఆపుకోలేక బయటికి పోయాడు.

ఎందుకమ్మా ఈ మొండితనమని కెప్టెన్ విసుక్కున్నాడు.

“ఆ సేత్తో ఏం కడుక్కుంటామో తెల్దా దొరా,” అంది జ్ఞానమణి. “మొగుని గురించి మాటిచ్చేకాడ ఆ సెయ్యా పెట్టేది? మీరు జైల్లో ఎయ్యండి, నేను కుడిదే పెడతా. పెండ్లినాడు ఇదే పెట్టినా, ఈపొద్దూ ఇదే.”

గదిలో ఎవరో నవ్వారు. చూస్తే ప్రేమయ్య.

మొదట కిసుక్కుమన్నాడు, తర్వాత భుజాలు కదిలేలా నవ్వాడు, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాడు. పదిహేనేళ్ల కాపురంలో జ్ఞానమణి ఆయన అలా నవ్వడం చూసి ఉండదు. కెప్టెన్‌కు ఒళ్లు మండింది. పోలీసు కాగితం ముందు పెట్టుకుని నవ్వేవాడిని ఆయన ఎక్కడా చూడలేదు. ప్రేమయ్య తువ్వాలుతో కళ్లు తుడుచుకుని, తప్పయిందన్నాడు, ఒక్క మాట చెప్పనిమ్మన్నాడు.

చెప్పింది ఇది. ఆ పొద్దు కోడుమూరు చావడిలో చుట్టుపక్కల ఊళ్లవాళ్లు పదకొండు మంది చేరారు. ఎత్తు, ఛాతీ కొలిచాక హవల్దారు తలా ఒక కాగితం ఇచ్చి, సిరా పలకను అరుగు మీద పెట్టి, ఎడమ బొటనవేలు ఒత్తి కాగితాలన్నీ అక్కడే పెట్టమని చెప్పాడు. ఎండ మండిపోతోంది. ఆయన మజ్జిగ తాగడానికి లోపలికి పోయాడు. వరసలో అందరికంటే ముందు బొజ్జన్న నిలబడ్డాడు.

“ఎడమ ఏలు అని ఆయప్ప సెప్పింది మేమంతా ఇన్నాం దొరా. ఇనలేదని అనను,” అన్నాడు ప్రేమయ్య. “బొజ్జన్న మా పక్క తిరిగినాడు. ఇల్లిడిసి పోయేటప్పుడు ఎడమ సెయ్యి పెడితే మళ్లీ ఇల్లు సేరేది ఉండదప్పా, కుడిదే పెట్టండి, ఆయప్ప యాడ సూస్తాండాడు అన్న్యాడు. ఆయనే ముందు పెట్టినాడు. ఎనకాల మేం పది మందిమీ కుడిదే పెట్టినాం.”

ఆ తర్వాత శిక్షణ క్యాంపులో ఒక నాయక్ ఒక్కొక్కరి మణికట్టూ గట్టిగా పట్టుకుని ఎడమ వేలే ఒత్తించాడు. అప్పట్నుంచి ప్రతి కాగితం మీదా ఎడమదే. సర్కారుకు ఏ వేలైనా ఒకటేననుకున్నాడు ప్రేమయ్య. ముద్రలు కలవలేదన్నారే గానీ, ఏ వేలని ఎవరూ ఆయన్ను అడగలేదు. ఆయనకు ఆ అరుగు మీద వేసిన ముద్ర గుర్తే రాలేదు. పెళ్లాం చెయ్యి వెనక్కి లాక్కుంటే గుర్తొచ్చింది.

దేవేంద్రప్ప చేరిన కాగితాన్ని ముందుకు లాక్కుని మళ్లీ చూశాడు. గళ్లు గళ్లుగా అచ్చు వేసిన కాగితం. ముద్ర ఉన్న గడి మీద ‘ఎడమ బొటనవేలు’ అని ఇంగ్లీషులో స్పష్టంగా అచ్చు ఉంది. ఆయన కనుబొమలు ముడిపడ్డాయి.

“అయితే పెద్ద పనేముంది. కుడి వేలు వెయ్యి, ఇప్పుడే తేలిపోతుంది,” అన్నాడు.

ప్రేమయ్య ముఖంలో నవ్వు పోయింది. మెల్లగా తువ్వాలు విప్పి, కుడి చెయ్యి బల్ల మీద పెట్టాడు. ఆ చేతికి నాలుగు వేళ్లే ఉన్నాయి. బొటనవేలు ఉండాల్సిన చోట నున్నటి మచ్చ. నలభై నాలుగులో కొండరాయి పేల్చినప్పుడు ఒక ముక్క ఎగిరొచ్చి మొదలుదాకా తీసుకుపోయింది.

గోరుచుట్టు మీద రోకటి పోటంటే ఇదే. నిజం నోటిదాకా వచ్చింది, సాక్ష్యం చెప్పాల్సిన వేలు బర్మా మట్టిలో కలిసిపోయింది. కెప్టెన్ ఆ చేతిని చూసి కళ్లు దించుకున్నాడు. దేవేంద్రప్ప కూడా ఈసారి తన పాత మాట అనలేదు. కానీ వేలు లేనిదే పోల్చేదెలా, కథ ఎంత బాగున్నా కథే గదా అని నెమ్మదిగానే అన్నాడు. యుద్ధానికి పోకముందు ఆ వేలితో ముద్ర వేసిన కాగితం ఏదైనా ఉంటే చెప్పమన్నాడు కెప్టెన్. ప్రేమయ్యకు భూమి లేదు, పత్రాలు లేవు. బడికి పోలేదు. తల అడ్డంగా ఊపాడు.

జ్ఞానమణి మొగుడి వంక జాలిగా చూసింది.

“ఇప్పుడే గదా సెప్తి, పెండ్లినాడు ఇదే పెట్టినామని,” అంది. “అదో, ఆ పెద్దాయప్ప మోచెయ్యి కిందనే ఉండాది.”

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమని మనవాళ్లు ఊరికే అనలేదు. దేవేంద్రప్ప నిప్పు తగిలినట్టు మోచెయ్యి తీశాడు. శాంతయ్య ఒక్క అంగలో బల్ల దగ్గరికి వచ్చి తువ్వాలు ముడి విప్పాడు. ఆ పుస్తకంలో ముందు బాప్తిస్మాలు, వెనక పెళ్లిళ్లు రాసి ఉంటాయి. పేజీలు తిప్పుకుంటూ పోయి నలభయ్యో సంవత్సరం మే నెల దగ్గర ఆపాడు. వరుడు ప్రేమయ్య, వధువు జ్ఞానమణి. పేర్ల కింద ఊదారంగు సిరాతో రెండు బొటనవేళ్లు పక్కపక్కనే. ఏ చెయ్యని అప్పటి పాస్టరుగారు అడగలేదు, వీళ్లూ చెప్పలేదు. పెళ్లిలో ఎవరైనా ఎడమ చెయ్యి పెడతారా?

దేవేంద్రప్ప పుస్తకాన్ని కిటికీ వెలుగులోకి తీసుకుపోయాడు. పక్కన చేరిన కాగితం పెట్టాడు. భూతద్దం కన్నుకు ఆనించి వంగాడు. వంగినవాడు లేవలేదు.

ఎంతసేపని అడక్కండి. శాంతయ్య లోపల్లోపల ప్రార్థన చేసుకున్నాడు. జ్ఞానమణి మాత్రం, ఇంకా ముద్ర వేయని తన కుడి బొటనవేలిని గట్టిగా పిడికిట్లో పట్టుకుని నిలబడింది. దేవేంద్రప్ప ఒక సూదితో గీతల్ని లెక్కపెడుతున్నాడు. ఇక్కడ ఒకటి, అక్కడ ఒకటి. తర్వాత ఆగి, ప్రేమయ్యను పిలిచి, చిన్నప్పుడు ఆ వేలికి దెబ్బేమైనా తగిలిందా అని అడిగాడు. కొర్ర కోతకు పోతూ కొడవలి పదును చూడబోతే వేలు తెగిందనీ, అడ్డంగా పెద్ద గాటు పడిందనీ ప్రేమయ్య చెప్పాడు.

దేవేంద్రప్ప భూతద్దం కింద పెట్టాడు. పుస్తకాన్నీ కాగితాన్నీ తెచ్చి కెప్టెన్ ముందు పరిచి, రెండింటి మీదా సూది మొన పెట్టి చూపించాడు. రెండు ముద్రల్లోనూ గీతల్ని అడ్డంగా కోస్తూ ఒకే తెల్లటి గాటు. అద్దం అక్కర్లేకుండానే కనిపిస్తోంది.

“ఈ రెండూ ఒకే వేలు సార్. ఎక్కడైనా వచ్చి ప్రమాణం చేస్తాను,” అన్నాడు. తర్వాత ప్రేమయ్య వైపు తిరిగాడు. “ముద్రలో గీతలు వాలిన తీరు చూస్తే ఇది కుడిచేతిదేమోనని నాకు తోచాల్సింది. గడి మీద ఎడమ అని అచ్చు ఉంది గదా అని అచ్చును నమ్మినా. వేలు అబద్ధం చెప్పలేదప్పా. నేనే దాన్ని సరిగ్గా అడగలేదు.”

ఇరవై ఏళ్ల ఉద్యోగంలో ఒక బీదవాడి ముందు అలా ఒప్పుకోవడం తేలిక కాదు. ఆ ఒక్క మాటకు దేవేంద్రప్పకు నేను అన్నీ మాఫీ చేసేశాను. మీరూ చేయండి.

కెప్టెన్ నారాయణ కుర్చీ వెనక్కి తోసి లేచాడు. పోలీసులకు రాసిన కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి బుట్టలో వేశాడు. చొక్కా సర్దుకుని, మడమలు కలిపి, కూలివాడిలా నిలబడ్డ ప్రేమయ్యకు సెల్యూట్ కొట్టాడు. ప్రేమయ్యకు ఒక్క క్షణం ఏం చేయాలో తోచలేదు. తర్వాత తొమ్మిదేళ్లుగా వంగి ఉన్న నడుము దానంతటదే నిటారైంది. నాలుగు వేళ్ల చెయ్యి నుదుటిదాకా లేచింది. ఆ చేతిని దాచుకోవడానికి ఇన్నేళ్లూ చుట్టుకున్న తువ్వాలు కాళ్ల దగ్గర పడి ఉంటే, దాన్ని ఆయన తీసుకోనుకూడా లేదు.

ఆ తర్వాత పనులు చకచకా సాగాయి. కెప్టెన్ ఎర్రసిరాతో రెండు కాగితాలు రాశాడు. చేరిన మనిషీ తిరిగొచ్చిన మనిషీ ఒకరేననీ, రికార్డు వెంటనే దిద్దాలనీ, మూడు బిళ్లలూ ఆలస్యం లేకుండా పంపాలనీ ఒకటి రికార్డు ఆఫీసుకు. అదే మాట ఒకటి ప్రేమయ్యకు. దేవేంద్రప్ప తన సంతకం పెట్టాడు. తెలుగులో చదివి వినిపించమని జ్ఞానమణి పట్టుబట్టింది. శాంతయ్య చర్చిలో వాక్యం చదివినట్టు నిదానంగా చదివాడు. ఆమె రెండోసారి కూడా చదివించుకుంది. ఆదివారం చర్చి కాగానే దీన్ని బావి గట్టున చదివించాలని, మారు సిపాయి అన్నవాళ్లంతా బిందెలు దించి వినాలని ఆమె అక్కడే తీర్మానించింది. అప్పుడు గానీ తన ముద్ర వేయలేదు. కుడిదే వేసింది. దేవేంద్రప్ప పలక తానే పట్టుకుని, ఆ గడి మీద ‘కుడి’ అని తన చేత్తో రాసుకున్నాడు.

ప్రేమయ్య కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ క్షణంలో ఆయన సంతోషానికి కర్నూలు చాలలేదు. తిరిగి పోతూ కోడుమూరు చావడి దగ్గర బస్సు దిగి, ఆ అరుగు మీద ఒకసారి కూచోవాలనుకున్నాడు.

అప్పుడు కెప్టెన్, పెన్ను మూత పెడుతూ, పదకొండు మంది అన్నావు గదా అని అడిగాడు. బీరువాలోంచి ఇంకో కట్ట తీయించాడు. అదే రోజు, అదే చావడిలో చేరి, ముద్రలు కలవక ఆగిపోయిన ఫైళ్లు ఇంకా ఐదు ఉన్నాయి. ఇన్నాళ్లూ ఆ ఊళ్లవాళ్లంతా దొంగలేననుకున్నానని నవ్వుతూ అన్నాడు. ఒక్కొక్క పేరే చదివాడు. మొదటి నాలుగు పేర్లకు ప్రేమయ్య ఉత్సాహంగా తలూపాడు, ఈయన ఫలానా ఊరని చెప్పాడు. ఐదోది బొజ్జన్న.

గుమ్మం దగ్గర గాజులు చప్పుడయ్యాయి.

గురమ్మ ఎప్పుడు లేచి నిలబడిందో ఎవరూ చూడలేదు. చావడి కథ మొత్తం విన్నదని ఆమె ముఖం చూస్తేనే తెలిసింది. ప్రేమయ్య జేబులోని కాగితాన్ని చేత్తో కప్పుకున్నాడు. తన వేలు కలిస్తే ఇంకో వేలు కూడా కలుస్తుందని, తన మాట నిజమైతే ఆ ఏటి ఒడ్డు మాట కూడా నిజమవుతుందని, ఇంత సంబరంలో ఆయనకు తట్టనే లేదు. అందరికంటే ముందు ఆమెకు తట్టింది.

ఆమె లోపలికొచ్చి, కొంగు ముడి విప్పి, పసుపు అంటిన పాత కాగితాన్ని కుడిచేత్తో బల్ల మీద పెట్టింది.

“ముందర కుడి ఏలు పెట్టింది మా ఆయప్పేనంట గదా. అయితే ఇందులో రాసింది కూడా అదే తప్పా దొరా?” అని అడిగింది.

కెప్టెన్ ఆ కాగితం చదివాడు. ఫైలు చూశాడు. ఆమెను కూచోమన్నాడు, ఆమె కూచోలేదు. సర్కారు అనుమానమంతా ఈ ముద్రలు కలవకపోవడం మీదే నిలబడి ఉందన్నాడు. చేరిన కాగితం మీద ఉన్నది ఆమె భర్త కుడి వేలేనని తేలితే ఆ అనుమానం నిలవదన్నాడు. అప్పుడు ఇక ప్రేమయ్య చెప్పిందే... అని ఆగిపోయాడు. ఆమె గాజుల వైపు చూసి, మిగతా మాట మింగేశాడు.

దేవేంద్రప్ప ఈసారి వేళ్లను కాక ముఖాన్ని చూశాడు.

“అమ్మా, నువ్వు అడక్కపోతే మేం ఇది ముట్టుకోం. ఫైలు ఇట్లే ఉంటుంది,” అన్నాడు.

ప్రేమయ్య ఆమె వైపు ఒక అడుగు వేశాడు. ఆగిన ఫైలు ఆగినట్టే ఉంటే గురమ్మకు మొగుడు ఉన్నట్టే. తొమ్మిదేళ్లుగా ఆ కాగితం ఆమెకు ఇచ్చింది అదొక్కటే. వద్దు సెల్లెమ్మా, పోదాం పద అని ఆయన కళ్లతోనే చెప్పాడు. ఆమె ఆ కళ్లలోకి చూసింది. ఊరు ఆయన్ను ఈమధ్యే మారు సిపాయి అంటే, తాను తొమ్మిదేళ్లుగా అబద్ధాలకోరును చేసింది. అది ఆమెకు తెలుసు.

“కాగితం లేదు దొరా,” అంది గురమ్మ. “గోడ ఉండాది.”

ఎవరికీ అర్థం కాలేదు. ఆమె కుడి అరచెయ్యి ఎత్తి చూపించింది.

“పోయేపొద్దు గుమ్మం లోపల గోడకు సున్నం తడిగా ఉండె. కుడి సెయ్యి గట్టిగా ఒత్తి, నేనొచ్చేదాకా ఇది సూసుకో అని పోయినాడు. గీతలు గీతలుగా పడి ఉండాది. పద్నాలుగేండ్లుగా దాని సుట్టూనే సున్నం కొడతాండా. ఒక్క సుక్క దాని మింద పడనీలేదు.”

జ్ఞానమణి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కూలిమనిషిని గుమ్మం దాటనివ్వని మొండితనం ఏమిటో ఆ రోజు అర్థమైంది ఆమెకు. నాకూ అప్పుడే అర్థమైంది.

కెప్టెన్ బంట్రోతును పిలిచి కలెక్టరాఫీసు నుంచి జీపు అడిగి తెమ్మన్నాడు. దేవేంద్రప్ప భూతద్దాన్ని గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకున్నాడు. జీపు వచ్చి వాకిట్లో ఆగింది. గెలిచిన కాగితం జేబులో పెట్టుకుని మెట్ల మీద నిలబడ్డ ప్రేమయ్యకు కాలు ముందుకు పడలేదు. బర్మాలో అంతదూరం నడిచిన కాళ్లు ఆ నాలుగు మెట్లు దిగలేకపోయాయి.

గురమ్మ అందరికంటే ముందు జీపెక్కి కూచుంది. గాజులు మోచేతి దాకా పైకి ఎగదోసుకుని, పక్కకు జరిగి ఆయనకు చోటిచ్చింది.

“రా ప్రేమన్నా,” అంది. “నువ్వు పూడ్చింది ఎవర్నో ఈపొద్దు సూసొద్దాం.”